తాగుడు, గుండెదడ, పాత గాయం: మూడింటికీ చికిత్స ఒకే గదిలో జరగాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మత్తుకు అలవాటుపడినవారికి, ఆందోళనతో నలిగిపోతున్నవారికి, ఎప్పుడో జరిగిన ఘోరం ఇప్పటికీ వెంటాడుతున్నవారికి చికిత్స చేసే పనిలో ఉన్నవాళ్లం మేము. మన నగరంలో ఈ మూడు బాధలకూ మూడు వేర్వేరు గుమ్మాలున్నాయి. తాగుడుకు డీ-అడిక్షన్ సెంటర్. దడకు వీధి చివర మెడికల్ షాపులో దొరికే నిద్రమాత్ర. చిన్నప్పటి అఘాయిత్యానికో, కళ్లముందు జరిగిన యాక్సిడెంటుకో గుమ్మమే లేదు. "మర్చిపో, మనసు గట్టి చేసుకో" అన్న మాటతో సరి. కానీ మనిషి ఒక్కడే. ఒక బాధ తగ్గితే రెండోది పైకి లేస్తుంది, దాన్ని అణచడానికి మళ్లీ మొదటిదాని దగ్గరికే పోతాడు. ఇంట్లోవాళ్లు దానికి "బుద్ధి మారలేదు" అని పేరు పెడతారు. చికిత్స ఏ వరసలో జరగాలో, ఎక్కడ చెడుతుందో మీ పాఠకులకు వివరంగా తెలియాలని ఈ ఉత్తరం. నిడివి ఎక్కువైంది, మన్నించండి.

ఉప్పల్ రోడ్డు మీద లారీ కిందపడబోయి బతికిన ఒక కుర్రాడిని ఉదాహరణకు అనుకుందాం. విరిగిన కాలు కొన్ని నెలల్లో అతుకుతుంది. కళ్లు మూస్తే మాత్రం హెడ్‌లైట్లు, బ్రేకు చప్పుడు. వెనక నుంచి హారన్ మోగితే ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది. బండి ఎక్కడు, ఆ రోడ్డు పేరెత్తితే మాట మారుస్తాడు, నవ్వడం తగ్గిపోతుంది, చిన్న మాటకే విరుచుకుపడతాడు. ఇలాంటివి ప్రమాదం జరిగిన కొత్తలో చాలామందిలో కనిపిస్తాయి, చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గక, పనికీ కాపురానికీ అడ్డం పడితే దాన్ని పీటీఎస్‌డీ అంటాం. ఇక నిద్ర పట్టదు. ఒక క్వార్టర్ వేస్తే పడుతుంది. అక్కడే చిక్కు మొదలవుతుంది. మద్యం మొదటి మూడు నాలుగు గంటలు నిద్రపుచ్చి, ఒంట్లోంచి దిగిపోయేటప్పుడు మనిషిని లేపేస్తుంది. అర్ధరాత్రి దాటాక చెమటలు, దడ, పీడకల. రోజూ ఇలాగే సాగితే మెదడు మద్యాన్ని లెక్కలో పెట్టుకుని తన సొంత బ్రేకులు సడలించుకుంటుంది. తాగని పూట ఉద్రేకం రెట్టింపై కనపడుతుంది. దాన్ని "టెన్షన్" అనుకుని అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర మొదలుపెడతాడు. అది మెదడులో పట్టుకునేదీ మద్యం పట్టుకునే మీటనే. రెండూ కలిస్తే నిద్రలోనే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావచ్చు. తన బాధకు తానే మందు వేసుకోవడం అనే ఈ ధోరణిని ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అనే సైకియాట్రిస్టు 1985లోనే వివరించి రాశారు. మన దగ్గర మాత్రం ఇప్పటికీ తాగుడును విడిగా, భయాన్ని విడిగా చూస్తున్నాం.

మొదటి సెషన్ గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా కేసులు అక్కడే పాడవుతాయి. మన ఊళ్లో పేషెంటుతో పాటు భార్య, అన్న, మేనమామ కూడా గదిలోకి వస్తారు. వాళ్లముందు ఎవరూ నిజం చెప్పరు. సగం సేపైనా పేషెంటుతో ఒంటరిగా మాట్లాడాలి. పక్కన భర్త కూర్చున్న ఆడమనిషి విషయంలో ఇది మరీ తప్పనిసరి. "ఎంత తాగుతావు" అంటే "కొంచెం" అంటారు. "క్వార్టరా, హాఫా? నిన్న ఆఖరి పెగ్గు ఎన్నింటికి? పొద్దున వైన్స్ తెరిచేదాకా ఆగగలుగుతున్నావా? ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా?" అని అడిగితే లెక్క తేలుతుంది. సుమారు పది గ్రాముల ఆల్కహాల్‌ను ఒక యూనిట్‌గా లెక్కేస్తే 180 మి.లీ. క్వార్టర్ ఆరు యూనిట్లు, 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు దాదాపు నాలుగు. తాగుడును కొలిచే ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టీలో 8 లేదా అంతకు మించి వస్తే జాగ్రత్త పడాలి, 20 లేదా అంతకు మించితే బానిసత్వం దాకా వెళ్లి ఉండొచ్చని అనుమానించాలి. ఆందోళనకు జీఏడీ-7 పట్టీ ఉంది, 21కి 10 లేదా అంతకు మించి వస్తే లోతుగా చూడాలి. ఘోరానుభవానికి పీసీఎల్-5 పట్టీలో ఇరవై ప్రశ్నలుంటాయి. పట్టీలు కొలతకు పనికొస్తాయి, వాటితోనే రోగం తేల్చకూడదు. థైరాయిడ్, హీమోగ్లోబిన్, ఈసీజీ, లివర్ పరీక్షలు చేయించకుండా దడను మనసు ఖాతాలో రాసెయ్యడం కూడా తప్పే. రోజుకు ఎనిమిది చాయ్‌లు, నైట్ షిఫ్టులో ఎనర్జీ డ్రింకులు తాగేవాడికి ముందు అవి తగ్గించి చూడాలి. బాగా తాగేవాళ్లలో ఆందోళన, తాగుడు మానేసిన మూడు నాలుగు వారాల్లో చాలావరకు దానంతటదే దిగుతుంది. అప్పటికీ మిగిలిందే అసలు ఆందోళన.

పాత గాయం గురించి మొదటి రోజే అడగాలి, తవ్వకూడదు. "మిమ్మల్ని ఇప్పటికీ కలచివేసే సంఘటన ఏదైనా జరిగిందా? వివరాలు ఇప్పుడు చెప్పక్కర్లేదు, జరిగిందో లేదో చాలు" అంటే సరిపోతుంది. ఉత్సాహం కొద్దీ మొదటి గంటలోనే అంతా చెప్పించేస్తే పేషెంటు ఏడ్చి తేలికపడినట్టే కనపడతాడు, ఆ రాత్రి తాగుతాడు, రెండో సెషన్‌కు రాడు.

తర్వాతిది ఒంటి పని. మద్యం ఆపిన ఆరు గంటల నుంచి వణుకు, చెమట, వాంతులు, దడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చే అవకాశం మొదటి 48 గంటల్లో ఎక్కువ. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది: గోడ మీద పురుగులు కనపడతాయి, ఎవరో పిలుస్తున్నట్టు వినపడుతుంది, జ్వరం, బీపీ పెరుగుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. "దయ్యం పట్టింది" అని ఎక్కడికో తీసుకుపోయి విలువైన గంటలు పోగొట్టుకుంటున్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. రోజూ హాఫ్ దాకా తాగేవాళ్లు, పొద్దున్నే తాగేవాళ్లు, గతంలో ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరు పర్యవేక్షణలో క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందు ఇచ్చి, లక్షణాలు చూసుకుంటూ వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు.

ఇక్కడ గ్లూకోజ్ గురించి గట్టిగా చెప్పాలి. తాగి నీరసపడినవాడిని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లి "సెలైన్ ఎక్కించండి" అనడం మన అలవాటు. ఏళ్ల తరబడి తాగి, సరిగ్గా తినని వాళ్ల ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, దాదాపు అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి శరీరానికి అదే కావాలి. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, కనుగుడ్లు అదరడం, మనిషి అయోమయంలో పడటం దాని గుర్తులు. ముందు థయామిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. బంధువులు డాక్టరుకు "రోజూ తాగుతాడండీ" అన్న ఒక్క ముక్క దాచకుండా చెబితే ఈ ప్రమాదం తప్పుతుంది.

కార్తీకం వస్తే మాకు ఇంకో ఆందోళన. అయ్యప్ప మాల వేసుకోవడానికి చాలామంది ముందురోజు రాత్రి దాకా తాగి, తెల్లారి చన్నీళ్ల స్నానం చేసి ఒక్కసారిగా మానేస్తారు. దీక్ష అంటే మాకు ఎంతో గౌరవం. పొద్దున్నే లేవడం, వేళకు తినడం, తోటి స్వాముల సాంగత్యం, ఇంట్లోవాళ్లు "స్వామీ" అని పిలవడం, ఇవన్నీ కలిసి చేసే మేలును ఏ కౌన్సెలింగ్ గదీ ఇంత తేలిగ్గా అందించలేదు. కానీ దీక్ష మొదటి మూడు రోజుల్లో వణుకుతో, ఫిట్స్‌తో ఆస్పత్రికి రావాల్సిన పరిస్థితి బాగా తాగేవాడికి ఎప్పుడూ ఉంటుంది. మాల వేసుకునే పది రోజుల ముందే డాక్టరును కలిసి, వైద్యంతో మాని, నిలకడ వచ్చాక వేసుకోవడం క్షేమం. వేసుకున్నాక వణుకు వస్తే మందు వేసుకోవడానికి సంకోచించవద్దు. మద్యాన్ని మానడానికి వేసుకునే మందు దీక్షకు భంగం కాదని గురుస్వాములు చెబితే ఆ మాట మా మాటకన్నా బలంగా పనిచేస్తుంది. రెండో గండం మాల తీసిన రోజు. నలభై ఒక్క రోజులు ఆగిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోదు. దావత్‌కు పోయి మునుపటిలాగే తాగితే వాంతులు ఊపిరితిత్తుల్లోకి పోవడం, బండి మీద నుంచి పడటం జరుగుతాయి. నలభై రెండో రోజు ఎక్కడ ఉంటారు, ఎవరితో ఉంటారు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేస్తారు అన్నది మాల ఉండగానే కాగితం మీద రాసుకోవాలి. రంజాన్ నెలలో మానిన సోదరులకూ పండుగ మర్నాటి గురించి ఇదే చెబుతాం.

కల్లు సంగతి వేరు. చెట్టు నుంచి దించిన కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయిన ఘటన అందరికీ గుర్తే. అధికారులు దాడులు చేసి కల్లు అమ్మే కాంపౌండ్లు మూయించగానే ఇంకో వరస మొదలవుతుంది: రోజూ తాగే కూలీలు, ముసలివాళ్లు రెండు మూడు రోజుల్లో చేతులు వంకర్లు పోయి, మాట తడబడి, ఫిట్స్‌తో పడిపోతారు. కల్లు లేక కాదు, అందులోని మాత్ర లేక. కాంపౌండ్ మూసిన రోజే ఆ బస్తీలో వైద్య శిబిరం పెట్టాలి. మెడికల్ షాపు అల్ప్రాజోలంకు అలవాటుపడినవాళ్లకూ ఇదే సూత్రం. ఏడాదిగా రోజూ వేసుకుంటున్న మాత్రను ఒక్కరోజులో ఆపకూడదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి పదో వంతు మించకుండా తగ్గించుకుంటూ రావాలి, ఆఖరి పావు మాత్ర దగ్గర ఇంకా నెమ్మదించాలి. నెలలు పడుతుంది. అన్నట్టు, పీటీఎస్‌డీకి ఈ జాతి మాత్రలు చికిత్స కానే కావు. గాయం మానడానికి మెదడు నేర్చుకోవాల్సినదాన్ని అవే అడ్డుకుంటాయి.

సంపాదకులకు ఒక విన్నపం. "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును" అనే చిన్న ప్రకటనలు తెలుగు పత్రికల్లో, బస్టాండ్ గోడల మీద ఇంకా కనపడుతున్నాయి. ఆ పొడుల్లో ఏముందో కొనేవాళ్లకు తెలియదు. తాగితే ఒంటికి పడకుండా చేసే, డాక్టరు రాసిన డైసల్ఫిరాం మాత్రనే సాంబారులో కలిపి పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఆ మందు మంచిదే, తెలిసి వేసుకునేవాడికి. ఆఖరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెట్టాలి. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబారి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె లయ తప్పవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌తో కూడా రావచ్చు. తెలియకుండా మింగినవాడు తెలియకుండానే తాగుతాడు. గుండె జబ్బున్నవాడైతే ఆ రాత్రే ఆఖరిది కావచ్చు. బతికి బయటపడినా, ఇంట్లో వండిన అన్నం మీద నమ్మకం పోయిన మనిషితో ఏ చికిత్సా ముందుకు సాగదు. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. మొదటిదానికి లివర్, రెండోదానికి కిడ్నీ పరీక్ష చూసుకుని సైకియాట్రిస్టు రాయాలి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి చెప్పకుండా నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టకూడదు. దయచేసి అలాంటి ప్రకటనలు మీ పత్రికలో వేయవద్దు.

గేటుకు తాళం వేసి తొంభై రోజులు ఉంచే కేంద్రాల గురించి కూడా కుటుంబాలు తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తీసుకుంది. అలాంటివారిని చేర్చుకుని చికిత్స చేసే కేంద్రం రిజిస్టరై ఉండాలి. గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. పేషెంటు ఒప్పుకోకుండా చేర్చాలంటే నామినేటెడ్ ప్రతినిధి (పేషెంటు తరఫున వ్యవహరించే వ్యక్తి) దరఖాస్తు, ఇద్దరు నిపుణుల విడివిడి పరీక్ష అవసరం, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయ్యుండాలి. మొదటి విడత 30 రోజులకు మించకూడదు. చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఉంటాడా, ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి పంపుతారు, ఫోన్ మాట్లాడనిస్తారా అని అడగండి. వీటికి చిరాకు పడే చోట మీ మనిషిని వదలకండి. గంజాయి వాడే పిల్లాడిని చికిత్సకు తీసుకొస్తే పోలీసు కేసవుతుందనే భయంతో తల్లిదండ్రులు దాచిపెడుతున్నారు. తక్కువ పరిమాణం, సొంత వాడకం కేసుల్లో ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకునేవారికి మత్తు పదార్థాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఒళ్లు కుదుటపడ్డాక రెండు మూడు వారాలు నైపుణ్యాల మీద పెడతాం. మొదటిది ఊపిరి. భయం వేసినప్పుడు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ చెబుతారు, అది దడను పెంచుతుంది. వేగంగా, లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కి తల తిరుగుతుంది, దాన్ని గుండెపోటు అనుకుని ఇంకా పీలుస్తారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో మామూలుగా పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు, బాగున్నప్పుడే సాధన చేయాలి. దడ వచ్చిన రోజే మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు.

తాగాలనే కోరిక వచ్చినప్పటి పని ఇంకోటి. ఆ కోరిక సాధారణంగా ఇరవై, ముప్పై నిమిషాల్లో పైకి లేచి తగ్గిపోతుంది, తాగకపోయినా తగ్గుతుంది. దాంతో పోట్లాడకుండా, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడమంటాం: గొంతులోనా, పొట్టలోనా, దవడలోనా? పదికి ఎంత ఉందో ఐదేసి నిమిషాలకు ఒకసారి రాయమంటాం. 8, 9, 7, 5, 3. తన చేత్తో రాసిన ఆ అంకెలే మనిషికి ధైర్యమిస్తాయి. అలన్ మార్లాట్ అనే అమెరికన్ సైకాలజిస్టు నేర్పిన పద్ధతి ఇది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏది ఉన్నా కోరిక బలం పెరుగుతుంది కాబట్టి ముందు కడుపు నింపుకోవాలి. బయటి ఏర్పాట్లూ అంతే ముఖ్యం: ఆఫీసు నుంచి వచ్చే దారిలో వైన్స్ ఉంటే దారి మార్చడం, జీతం పడిన రోజు యూపీఐ పరిమితి తగ్గించుకోవడం, పర్మిట్ రూమ్ మిత్రుల గ్రూపు నుంచి బయటికి రావడం. ఇవన్నీ చేసేలా మనిషిని ఒప్పించడానికి ఉపన్యాసం పనికిరాదు. "మానకపోతే చస్తావ్" అంటే అతను తాగుడు తరఫున వాదిస్తాడు. "మానితే మీకు ఏం మారుతుందనుకుంటున్నారు" అని అడిగి, అతని నోటితోనే కారణాలు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

ఇక భయాన్ని ఎదుర్కొనే మెట్లు. మన ఉప్పల్ కుర్రాడితో కూర్చుని ప్రతి మెట్టుకూ సున్నా నుంచి నూరు దాకా భయం అంకె వేయిస్తాం. స్టాండ్ వేసిన బండి మీద పది నిమిషాలు కూర్చోవడం, 20. కాలనీ గల్లీలో ఇంజిన్ స్టార్ట్ చేసి నాలుగు చుట్లు, 30. ఆదివారం పొద్దున ఆరింటికి తమ్ముడి వెనక కూర్చుని తార్నాక నుంచి హబ్సిగూడ, 45. అదే దారిలో తానే నడపడం, 60. పనిరోజు పదకొండింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు, 75. సాయంత్రం లారీల మధ్య ప్రమాదం జరిగిన చోటు, 95. ఒక్కో మెట్టు మీద నలభై ఐదు నిమిషాల దాకా ఉండాలి, వరసగా చాలా రోజులు చేయాలి. ముందు "ఏం జరుగుతుందని భయం" అని రాసుకోవాలి, తర్వాత "ఏం జరిగింది" అని. భయం నెత్తికెక్కినప్పుడు వెనక్కి తిరిగి ఇంటికొస్తే మెదడు నేర్చుకునేది ఒకటే: పారిపోయాను కాబట్టి బతికాను. జేబులో సగం అల్ప్రాజోలం పెట్టుకుని చేసినా అంతే, మెప్పు మాత్రకు పోతుంది. ఒక పెగ్గు వేసి చేసినది లెక్కలోకి రాదు. హెల్మెట్ మాత్రం తీయకూడదు. అది నిజమైన ప్రమాదానికి రక్ష. ఇంట్లో ఇప్పటికీ కొట్టే భర్త ఉన్న ఆమెకు ఇలాంటి మెట్లు వేయకూడదు. ఆమె భయం రోగం కాదు, నిజం. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్, బాధిత మహిళలకు అండగా ఉండే భరోసా కేంద్రం, సురక్షితమైన చోటు, తర్వాతే మిగతావి.

గాయం జ్ఞాపకం మీద పనిచేసే సెషన్ తొంభై నిమిషాలు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది నుంచి పదిహేను దాకా పడతాయి. కళ్లు మూసుకుని, జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టుగా, మొదటి నుంచి చివరి దాకా పేషెంటు చెబుతాడు. "హారన్ వినపడుతోంది, డీజిల్ వాసన వస్తోంది, నా చెప్పు జారిపోయింది." ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు, అయిపోతే మళ్లీ మొదటి నుంచి. ఐదేసి నిమిషాలకు భయం అంకె అడుగుతాం. ఫోన్‌లో రికార్డు చేసి రోజూ ఒకసారి ఇంట్లో వినమంటాం. మొదటి రెండు మూడు సెషన్లలో పీడకలలు కాస్త పెరగవచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే "ఇది నాకు పడలేదు" అని మానేస్తారు. చివరి పదిహేను ఇరవై నిమిషాలు మాట్లాడటానికీ, స్థిమితపడటానికీ ఉంచాలి. అంకె 80 దగ్గరుండగా టైమ్ అయిందని పంపేస్తే అతను తిన్నగా వైన్స్‌కు పోతాడు. తాగుడు అలవాటున్నవాళ్లకు ఈ సెషన్లు శుక్రవారం సాయంత్రం పెట్టకూడదు. వారం మధ్యలో, ఇంట్లో మనిషి ఉండే రోజు పెట్టాలి. తాగి వస్తే ఆ రోజు జ్ఞాపకం జోలికి పోకుండా, ఏం జరిగిందో మాత్రం మాట్లాడి పంపాలి. ఆరు నెలలు మానితేనే గాయాన్ని ముట్టుకోవాలన్నది పాత నమ్మకం. ఒళ్లు నిలకడైతే రెండూ పక్కపక్కనే నడపవచ్చు, నడపాలి కూడా. తాగుడుకు కారణాన్ని ఆరు నెలలు అలాగే వదిలేసి తాగకుండా ఉండమనడం మనిషిని ఓడించడమే.

ఫ్రాన్సిన్ షపీరో అనే సైకాలజిస్టు 1987లో మొదలుపెట్టిన ఈఎండీఆర్, అంటే కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ గాయం జ్ఞాపకం మీద పనిచేసే పద్ధతి, ఇంకో మార్గం. అందులో ఎనిమిది దశలున్నాయి. కళ్ల ముందు వేళ్లు ఆడించడం మధ్యలో వచ్చే ముక్క మాత్రమే. వీడియో చూసి నేర్చుకుని, ముందున్న చరిత్ర సేకరణ, సన్నాహం దశలు దాటేసేవాళ్ల దగ్గరికి పోవద్దు. గాయం మీద కేంద్రీకరించే సీబీటీనీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే చికిత్స), ఈఎండీఆర్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. ఒక జాగ్రత్త మీ విలేకరులకు కూడా చెప్పాలి. 2007 గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ల లాంటి ఘోరం జరిగినప్పుడు మొదటి రోజుల్లో బాధితుల చేత బలవంతంగా వివరాలు చెప్పిస్తే మేలు జరగకపోగా కొందరికి హాని జరుగుతుంది. నీళ్లు, నిద్ర, అయినవాళ్ల ఆచూకీ, పక్కన ఒక మనిషి: అప్పటికి కావలసింది ఇంతే. ముఖం మీద మైకు పెట్టి "ఆ క్షణంలో ఏం అనిపించింది" అని అడగకండి.

మానినవాడు మళ్లీ ఒకరోజు తాగడం జరుగుతుంది, చాలాసార్లు జరుగుతుంది. అప్పుడు "ఎలాగూ తప్పాను కదా" అన్న ఆలోచనే ఒక పెగ్గును వారం రోజుల తాగుడుగా మారుస్తుంది. అందుకే ముందే ఒక చీటీ రాసి పర్సులో పెట్టిస్తాం: తాగడం ఆపు, ఆ చోటు వదులు, ఫలానావారికి ఫోన్ చెయ్యి, రేపటి అపాయింట్‌మెంట్‌కు తప్పక రా. ఇంట్లోవాళ్లు ఆ రాత్రి పంచాయితీ పెట్టవద్దు, మత్తులో ఉన్న మనిషికి ఏ మాటా ఎక్కదు. పొద్దున మాట్లాడండి, అప్పు మాత్రం మీరు తీర్చకండి, ఆఫీసుకు ఒంట్లో బాగాలేదని అబద్ధపు ఫోన్లు చేయకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? మందులు రాసేది సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే తప్పేం లేదు. "మీరు గాయానికి ఏ పద్ధతి వాడతారు, ఎన్ని సెషన్లు, తగ్గుతోందని ఎలా కొలుస్తారు, నేను తాగుతున్నానని తెలిస్తే ఏం చేస్తారు?" అని అడగండి. "మానేశాక రండి" అన్న జవాబు వస్తే ఇంకొకరిని వెతుక్కోండి. ఫీజు కట్టలేనివారికి ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. "ఎర్రగడ్డ" అన్న మాటను తిట్టుగా వాడటం మన ఊరు మానుకోవాలి. ఆ మాటకు భయపడి ఆస్పత్రి మెట్లెక్కనివాళ్లు ఎందరో. 2019లో ఎయిమ్స్ నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు పదార్థాల విషయంలో 14446 ఉంది. తాగుడు గొడవ, ఆత్మహత్య, మత్తు కేసు వార్త వేసిన ప్రతిసారీ ఈ రెండు నంబర్లను ఆ వార్త కిందే, జిల్లా పేజీల్లో కూడా అచ్చువేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు,
హైదరాబాద్